పిల్లవాడి చికిత్సలో అందరినీ ఒక్క మాట మీదికి తెచ్చే బాధ్యత ఎవరిది?

ప్రశ్న (హనుమకొండ నుంచి ఒక తల్లి)

మా అబ్బాయికి తొమ్మిదేళ్లు, నాలుగో తరగతి చదువుతున్నాడు. ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత నిలవకపోవడం, అతి చురుకుదనం ఉండే సమస్య) ఉందని హైదరాబాదులో పిల్లల మానసిక వైద్యులు నిర్ధారించి మిథైల్‌ఫెనిడేట్ మాత్ర మొదలుపెట్టారు. చదవడంలోనూ ఇబ్బంది ఉన్నందువల్ల ఇక్కడ ఒక స్పెషల్ ఎడ్యుకేటర్ దగ్గరికి, ప్రవర్తన విషయమై ఒక క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి తీసుకువెళ్తున్నాము. ఎవరికి వారు శ్రద్ధగానే చూస్తున్నారు గానీ ఒకరు చెప్పింది మరొకరికి తెలియదు. సైకాలజిస్టు శిక్షలు వద్దంటారు, ట్యూషన్‌లో గంటసేపు నిలబెడతారు. మధ్యాహ్నం తరగతిలో ఎలా ఉంటున్నాడని డాక్టరు గారు అడిగితే నా దగ్గర సమాధానం ఉండదు. వయసు వస్తే వాడే కుదురుకుంటాడు, పసివాడికి ఈ మాత్రలెందుకని మా మామగారు బాధపడుతున్నారు. ఉద్యోగం చేసుకుంటూ వీళ్లందరి మధ్య మాటలు మోయడం నా ఒక్కదానివల్ల కావడం లేదు. ఈ పని చేయవలసినవారు ఎవరైనా ఉన్నారా?

సమాధానం 1 (సైకియాట్రిక్ సోషల్ వర్కర్, హైదరాబాదు)

ఉన్నారమ్మా. కుటుంబంతోనూ బడితోనూ మాట్లాడి చికిత్సను ఒక దారిలో నడిపించడం మా వృత్తిలో ముఖ్యమైన భాగం. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం బృందంలో సైకియాట్రిస్టు, క్లినికల్ సైకాలజిస్టులతో పాటు సైకియాట్రిక్ సోషల్ వర్కర్‌కు కూడా స్థానం ఉంది. ప్రైవేటు క్లినిక్కులలో చాలాచోట్ల ఈ మనిషి ఉండరు, అందుకే ఆ బరువు తల్లుల మీద పడుతోంది. మీ డాక్టరు గారి దగ్గర అలాంటివారు ఉంటే పేరు అడిగి తెలుసుకోండి. లేకపోతే మీరు ఎక్కువసార్లు కలిసే సైకాలజిస్టునే ఆ బాధ్యత తీసుకోమని స్పష్టంగా కోరండి. ఇది మీరు చేసే మొహమాటపు విన్నపం కాదు, పిల్లవాడి చికిత్సకు కావలసిన అవసరం.

బడి నుంచి వచ్చే సమాచారం ఎంత విలువైనదో ఒక్క ఉదాహరణతో చెబుతాను. తక్కువ వ్యవధి మిథైల్‌ఫెనిడేట్ ప్రభావం సుమారు నాలుగు గంటలే ఉంటుంది. ఉదయం ఎనిమిదింటికి వేసిన మాత్ర మధ్యాహ్న భోజనం వేళకు తగ్గిపోతుంది కనుక, ‘పొద్దున బాగుంటాడు, మధ్యాహ్నం కుదురుగా కూర్చోడు’ అని టీచరు రాసే వాక్యాన్ని మేము అల్లరి మీద ఫిర్యాదుగా చదవము. మోతాదును, వేళలను సవరించడానికి డాక్టరుకు అదే ఆధారం. అదే విధంగా ఈ మందు ఆకలి తగ్గిస్తుంది కాబట్టి భోజనం డబ్బా నిండుగా తిరిగి వస్తోందా, బరువు పెరుగుతోందా అన్నది కూడా ఆయనకు చేరాలి. టీచరు నింపి ఇచ్చే ప్రశ్నావళి ఒకటి ఉంటుంది, దాన్ని అడిగి తీసుకుని బడిలో ఇవ్వండి. అయితే బడికి అవసరమైనంత మేరకే చెప్పండి, ఇంటి విషయాలన్నీ వాళ్లకు తెలియనక్కరలేదు.

సమాధానం 2 (న్యూజెర్సీలో ఉంటున్న ఒక తండ్రి)

మా అమ్మాయి తీవ్రమైన ఆందోళనతో బడికి వెళ్లడం మానేసినప్పుడు మేము ఇక్కడి ప్రభుత్వ పిల్లల సేవల వ్యవస్థలో చేరాము. ఎక్కువ సహాయం కావలసిన పిల్లలకు ఇక్కడ ఒక కేర్ మేనేజర్‌ను కేటాయిస్తారు. ఆమె మా ఇంటికే వచ్చి, అమ్మాయిని, మమ్మల్ని, థెరపిస్టును, బడి కౌన్సిలర్‌ను, మేము కోరిన బంధువులను ఒకచోట కూర్చోబెట్టి ప్రణాళిక రాయించారు. మొదటి ప్రశ్న జబ్బు గురించి కాదు, ‘మీ ఇంట్లో ఏది బాగా జరుగుతోంది?’ అని. ఇలాంటి పిల్లలను పెంచిన తల్లిదండ్రులే నడిపే కుటుంబ సహాయ సంస్థలు కూడా ఉన్నాయి. నాకు అన్నిటికన్నా ఎక్కువ ధైర్యం ఇచ్చింది అక్కడి ఒక తల్లి మాట.

ఇదంతా మీకు అక్కడ దొరకదని తెలుసు. కానీ లక్ష్యాలను కుటుంబమే తన మాటల్లో చెప్పాలి, వచ్చినవారందరూ ఒకే కాగితం మీద అంగీకరించాలి అన్న పద్ధతికి మాత్రం పెద్ద ఖర్చు లేదు. ముగ్గురు నిపుణులు ఇరవై నిమిషాలు ఒకే వీడియో కాల్‌లోకి వచ్చినా మీకు సగం భారం తగ్గుతుంది.

సమాధానం 3 (స్పెషల్ ఎడ్యుకేటర్, విజయవాడ)

చదువులో ఇబ్బందిని విడిగా మదింపు చేయించండి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల జాబితాలో నిర్దిష్ట అభ్యసన వైకల్యం (చదవడం, రాయడం, లెక్కలు చేయడంలో ఉండే ప్రత్యేకమైన ఇబ్బంది) ఉంది గానీ ఏడీహెచ్‌డీ ప్రత్యేకంగా లేదు. అందువల్ల పరీక్షల్లో అదనపు సమయం వంటి సౌకర్యాలు అడగడానికి ఏడీహెచ్‌డీ నిర్ధారణ ఒక్కటే చాలకపోవచ్చు.

ఇక మీ మామగారి విషయం. ఆయనను అడ్డంకిగా కాక బృందంలో ఒకరిగా చూడండి. సాయంత్రం మీరు ఇంటికి వచ్చేలోగా బాబుతో ఎవరు ఉంటారు? ఆయనే అయితే, వాడి ప్రవర్తన గురించి మనందరికన్నా ఆయనకే ఎక్కువ తెలుసు. వచ్చే అపాయింట్‌మెంట్‌కు ఆయనను వెంట తీసుకువెళ్లి, మాత్రల గురించిన భయాన్ని స్వయంగా డాక్టరు గారినే అడగనివ్వండి. కోడలు చెప్పినప్పుడు వాదనగా వినిపించేది డాక్టరు నోట వివరణగా వినిపిస్తుంది. ట్యూషన్ మాస్టారికి సైకాలజిస్టు చేతనే రెండు వాక్యాల ఉత్తరం రాయించండి. అప్పటికీ నిలబెట్టడం మానకపోతే ఆ ట్యూషన్ మాన్పించండి.

మీ మనసు మరీ బరువెక్కిన రోజున ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు. ఆ నంబరు పిల్లల కోసమే కాదు, పిల్లలను చూసుకునేవారి కోసం కూడా.