అమెరికన్ ఫుట్‌బాల్‌లో హడిల్ (ప్లేకూ ప్లేకూ మధ్య గుమిగూడి మాట్లాడుకోవడం) లేకుండా దూసుకొచ్చే అఫెన్స్‌ను (బంతి చేతిలో ఉన్న జట్టును) డిఫెన్స్ ఎలా ఆపాలి?

శనివారం_ఆట:
మొన్న మా కాలేజీ డిఫెన్స్ మూడో క్వార్టర్‌కే నడుముల మీద చేతులు వేసుకుని నిలబడింది. డిఫెన్స్ నడిమి వరసలో ఉండే లైన్‌బ్యాకర్ ఇంకా కోచ్ సైగ కోసం సైడ్‌లైన్ వైపు చూస్తుండగానే స్నాప్ (బంతిని వెనక్కి అందించి ప్లే మొదలుపెట్టడం), టచ్‌డౌన్. అలసినవాళ్లను మార్చేది ఎప్పుడు? పిలుపు, అంటే ఈ ప్లేలో ఎవరేం చేయాలో చెప్పే మాట, చేరవేసేది ఎలా? సాధన ఎలా చేయిస్తారు?

కొలంబస్_కోడలు:
ఎదుటివాళ్లకు బంతి దొరకనివ్వకపోవడమే మందు. 2015 జనవరి 12, కాలేజీ ఛాంపియన్‌షిప్ ఫైనల్: మా ఒహాయో స్టేట్ 42, హడిల్ లేని వేగానికి పేరుపడ్డ ఒరెగాన్ 20. మా ఎజికియెల్ ఎలియట్ బంతి పట్టుకుని 246 యార్డులు పరుగెత్తాడు. నాలుగుసార్లు బంతి పోగొట్టుకుని కూడా గెలిచాం! మర్నాడు ఆఫీసులో నాకు గొంతు పెగల్లేదు.

స్టాన్‌ఫర్డ్_పాతకాపు:
అమ్మా, ఆ దారి వేసింది మేము. 2012 నవంబరు, ఒరెగాన్ సొంత మైదానంలోనే 17-14. అందరికీ అదనపు సమయంలో కొట్టిన ఫీల్డ్ గోల్ గుర్తుంటుంది. నాకు మాత్రం మా డిఫెన్స్ ఆటగాడు డెవన్ కారింగ్టన్ గుర్తుంటాడు. ఒరెగాన్ క్వార్టర్‌బ్యాక్ మారియోటా 77 యార్డులు పరుగెత్తాక 15 యార్డుల గీత దగ్గర వెనకనుంచి వెళ్లి పడగొట్టాడు. ఆ దాడిలో ఒరెగాన్‌కు ఒక్క పాయింటూ దక్కలేదు. వదిలేయకుండా వెంటపడటమే డిఫెన్స్.

నియమం_నియమమే:
ఆట ఆగేలా దెబ్బ తగిలినట్టు నటిస్తూ కాలు పట్టుకుని కిందపడటమే అసలు మందు, ఆ మాట ఎవరూ అనరేం? 2010లో ఒరెగాన్‌తో మ్యాచ్‌లో అలా పడమని చెప్పినందుకు కాలిఫోర్నియా జట్టే తన సహాయ కోచ్‌ను సస్పెండ్ చేసింది. ఇది మోసం. 2025 నుంచి కాలేజీ ఆటలో, తర్వాతి ప్లేకు బంతిని గీత మీద పెట్టాక పడితే ఆ జట్టుకు ఒక టైమవుట్ పోతుంది, టైమవుట్లు లేకపోతే 5 యార్డుల శిక్ష. చాలా ఆలస్యంగా వచ్చిన నియమం.

ప్లానో_నాన్న:
మా అబ్బాయి హైస్కూలులో డిఫెన్సివ్ ఎండ్ (డిఫెన్స్ ముందు వరసలో చివర నిలబడేవాడు). ఆగస్టు ఎండలో వరసగా పదకొండు ప్లేలు ఆడి, పిక్క పట్టేసి పడిపోయాడు. బూటు విప్పుతుంటే వాడి కాలివేళ్లు వంకర్లు తిరిగి ఉన్నాయి. స్టాండ్లన్నీ వాణ్ణి గేలి చేశాయి. మోసం అనేముందు కాస్త ఆలోచించండి.

నియమం_నియమమే:
మీ అబ్బాయి సంగతి వేరు. నేనంటున్నది కోచ్ సైగ చూసి పడేవాళ్లను.

ప్లానో_నాన్న:
వేరని స్టాండ్లలో కూర్చున్నవాళ్లకు ఎలా తెలుస్తుందండీ? పదిహేనేళ్ల పిల్లవాడు ఆ రాత్రి అన్నం తినలేదు.

క్రికెట్_చారి:
క్రికెట్‌లో ఓవర్లు ఆలస్యమైతే జరిమానా ఉంది. ఇక్కడ ఊపిరి తీసుకోనివ్వకుండా తొందరపెట్టేవాళ్లకు ఏమీ లేదా?

బెంచ్_వెనక:
పెట్టబోయారు. తర్వాతి ప్లే మొదలుపెట్టడానికి ఇచ్చే 40 సెకన్లలో మొదటి 10 సెకన్లు స్నాప్ చేయకూడదని 2014లో ప్రతిపాదన వచ్చింది. అప్పటి అలబామా కోచ్ నిక్ సేబన్ లాంటివాళ్లు సమర్థించినా, మిగతా కోచ్‌లు మండిపడటంతో వెనక్కి తీసుకున్నారు.
నేను ఒక విశ్వవిద్యాలయ జట్టుకు రెండు సీజన్లు వీడియో తీశాను కాబట్టి కచ్చితంగా చెబుతున్నాను. అఫెన్స్ మనిషిని మారిస్తే డిఫెన్స్‌కూ మార్చుకునే వీలివ్వాలి, అందాకా అంపైర్ బంతి దగ్గర అడ్డంగా నిలబడతాడు. అఫెన్స్ మార్చకపోతే ఆ రక్షణ లేదు. పిలుపు ఒకే మాట: ముందు వరస, వెనక కాపలా, దాడి అన్నీ అందులోనే. కుడివైపువాడు కుడివైపే, ఎడమవాడు ఎడమవైపే, అటూ ఇటూ పరుగెత్తడం ఉండదు.

కొలంబస్_కోడలు:
2024 నుంచి హెల్మెట్‌లో స్పీకర్ వచ్చింది కదా, ఇంకా సైగలెందుకు?

బెంచ్_వెనక:
ఒక్క ఆటగాడి హెల్మెట్‌లోనేనండీ. విన్నవాడు మిగతా పదిమందికి చెప్పేలోపే స్నాప్ అయిపోతుంది.

శనివారం_ఆట:
సాధన గురించి ఎవరూ చెప్పలేదు.

బెంచ్_వెనక:
ఎదుటి అఫెన్స్‌లా ఆడటానికి రెండు జట్లను సిద్ధంగా ఉంచుతారు. ఒక జట్టు ప్లే ముగించి పక్కకు తప్పుకునేసరికి రెండోది బంతి దగ్గర నిలబడి ఉంటుంది. డిఫెన్స్ మాత్రం మారదు. మంగళవారం నేను తీసిన వీడియోల్లో మొదటి పది ప్లేలకు సగంమంది తప్పు చోట ఉండేవారు, గురువారానికి ఒకరిద్దరే.