అడుగంటితే మంచిదేనా?

అందరికీ నమస్కారం. చెన్నై అంబత్తూరు ఎస్టేటులో మాది చిన్న త్రీడీ ప్రింటింగు షాపు. నెల్లూరు నుంచి ఇద్దరు కుర్రాళ్లు కొత్తగా చేరారు. వాళ్ల కోసం మిషను పక్కన ఒక అట్ట రాసి తగిలిద్దామని కూర్చుని మొదటి వాక్యంలోనే ఆగిపోయాను. కరిగిన ప్లాస్టిక్ మొదటి పొర బెడ్డును, అంటే వస్తువు తయారయ్యే కింది పలకను, పట్టుకోవడాన్ని ఏమనాలి? పట్టకపోతే మా తమిళ ఆపరేటరు "అడి పిడిక్కల సార్" (అడుగు పట్టలేదు) అని ఒక్క ముక్కలో తేల్చేస్తాడు. అన్నం అడుగంటినా వాళ్లకి "అడి పిడిచ్చిరుచ్చు"నే. మరి నేను "అడుగంటేలా చూడు" అని రాస్తే నవ్వరా? పప్పు అడుగంటితే తిట్లు, నూతిలో నీళ్లు అడుగంటితే కరువు. మంచి అర్థంలో ఈ మాట ఎక్కడైనా ఉందా?

జవాబు: మాటలో దోషం లేదండీ, గిన్నెలో ఉంది. "అంటు" అంటే మొదట తాకడమే. నీళ్లు అడుగును తాకాయి, పప్పు అడుగుకు అతుక్కుంది. అంటుమామిడి మంచిదే కదా, అంటురోగం కాదు. ఎంగిలి గిన్నెలు అంట్లయిందీ ఆ దారినే. ఆ మాటకొస్తే మీ బెడ్డు కూడా అంట్ల కిందే లెక్క, రోజూ తోమాల్సిందే!

జవాబు: తోమాల్సిందే అన్నది అక్షరాలా నిజం. వస్తువు అంచులు అప్పడంలా లేస్తే అందరూ వేడి పెంచుతారు. ఏబీఎస్ ప్లాస్టిక్‌కి బెడ్డు 100 నుంచి 110 డిగ్రీలు పెట్టినా లేస్తోందంటే చాలాసార్లు కారణం చేతి జిడ్డు. ఆల్కహాల్‌తో తుడిస్తే అది పలచగా పరుచుకుంటుందే తప్ప పూర్తిగా పోదు. బెడ్డు మీది రేకు ఊడదీసి, గిన్నెల సబ్బు, వేడినీళ్లతో కడిగి, ఆరాక అంచులే పట్టుకోండి. పైన పీఈఐ అనే ప్లాస్టిక్ ఉన్న రేకుకి అసిటోన్ మాటిమాటికీ వాడొద్దు, సన్నటి పగుళ్లొస్తాయి. వేడికి మాత్రం భయం లేదు, పీఈఐ మెత్తబడేది 217 డిగ్రీల దగ్గర.

అడిగినవారు: అన్నా, నా గొడవ అంటకపోవడం ఒక్కటే కాదు. పోయిన నెల గాజు పలక బెడ్డు మీద పాలీకార్బొనేట్ ప్లాస్టిక్ వేశాను. పూర్తిగా చల్లారకముందే తొందరపడి గరిటతో ఎత్తా. వస్తువుతో పాటు గోరంత గాజు పెచ్చు లేచి వచ్చింది. చల్లారేటప్పుడు ప్లాస్టిక్ గాజుకన్నా ఎక్కువ ముడుచుకుంటుంది. పట్టు సరిగ్గా ఉంటే టిక్కుమని తనే వదిలేది. దీన్నీ "అంటడం" అనే అంటే కుర్రాళ్లకి తేడా ఎలా తెలుస్తుంది?

జవాబు: బాబూ, ఆ తేడా మా వంటింట్లో ఎప్పుడో ఉంది. అట్టు పెనాన్ని పట్టాలి, కరుచుకోకూడదు. పట్టని పిండి ముద్దకడుతుంది, కరుచుకున్నది చిరిగి వస్తుంది. కొత్త పెనానికి నేను ఉల్లిపాయ చెక్క నూనెలో ముంచి రుద్దుతాను. మీ ప్లాస్టిక్‌కి అలాంటిదేం లేదా?

జవాబు: ఉందమ్మా, గ్లూ స్టిక్! అందరూ దాన్ని జిగురు అనుకుంటారు. నైలాన్‌కి అది పట్టు ఇస్తుంది. పాలీకార్బొనేట్‌కి, నున్నటి పీఈఐ మీద పీఈటీజీ అనే ప్లాస్టిక్‌కి మాత్రం మధ్యలో పొరగా నిలిచి కరుచుకోనివ్వదు. రాయకపోతే రేకు పైపొర ముక్క ఊడొస్తుంది. పని అయ్యాక తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. అన్నట్టు, చెన్నై గాలికి నైలాన్ చెమ్మ పీల్చేస్తుంది. ప్లాస్టిక్ కరిగి వచ్చే మిషను ముక్కు దగ్గర చిటపటలాడిందంటే తప్పు బెడ్డుది కాదు, ప్లాస్టిక్ తీగ చుట్టను ఆరబెట్టుకోండి.

అడిగినవారు: దొరికిందమ్మా, చాలా థాంక్స్. అట్ట మీద ఇలా రాశాను: "బెడ్డు కడిగి ఆరబెట్టు. మొదటి పొర పట్టిందా చూడు. పట్టకపోతే వేడి పెంచకు, మళ్లీ కడుగు. పాలీకార్బొనేట్ అయితే గ్లూ పూసే మొదలుపెట్టు. చల్లారేదాకా చెయ్యి పెట్టకు. అప్పటికీ రాకపోతే కరుచుకుందన్నమాట, గరిట తియ్యకుండా నన్ను పిలువు."

జవాబు: బావుంది. "కరచు" అని దిద్దమని ఎవరైనా వస్తారు, వినకండి. నెల్లూరు పిల్లలకి "కరుచు"నే ఉంచండి. "గ్లూ పూసే" కన్నా "గ్లూ రాసే" నయం.

అడిగినవారు: రాసే. మార్చేశాను.