దూరప్రయాణపు మోటార్ యాట్: పొడవుగా సన్నగానా, పొట్టిగా మూడంతస్తులుగానా?

నీటిగీత

నెదర్లాండ్స్‌లో ఒక చిన్న డిజైన్ ఆఫీసులో నేవల్ ఆర్కిటెక్ట్‌గా పనిచేస్తున్నాను. ఒక క్లయింటు కొత్త మోటార్ యాట్ అడుగుతున్నారు. ఉండేది భార్యాభర్తలు, అప్పుడప్పుడు పిల్లలూ మనవలూ, ఒకరిద్దరు క్రూ. మధ్యలో డీజిల్ పోయించుకోకుండా 3,000 నాటికల్ మైళ్ళు పోవాలి. దారిలో ఒంటికి కష్టం తెలియకూడదు, ఇది మొదటి షరతు.

ఆఫీసులో రెండు స్కెచ్‌లు నడుస్తున్నాయి. మొదటిది 21 మీటర్ల పొడవు, 6.4 మీటర్ల వెడల్పు, మూడంతస్తులు. పైన వీల్‌హౌస్ (బోటు నడిపే గది), దాని వెనకే యజమాని గది. రెండోది 25.5 మీటర్ల పొడవు, 5.4 వెడల్పు, ఎత్తు తక్కువ, గదులన్నీ నడిమధ్య. రెండూ 70 టన్నుల దరిదాపు. ఖర్చు కూడా దాదాపు సమానమే. డబ్బంతా లోపలి పనిలో, యంత్రాల్లో పోతుంది గానీ ముందూ వెనకా ఖాళీగా నాలుగు మీటర్ల అల్యూమినియం పెంచితే బిల్లు పెద్దగా కదలదు.

నేను రెండో దాని వైపు. మా బాస్ మొదటి దాని వైపు. మీరేమంటారు?

సియాటిల్_రావు

మీ బాస్ చెప్పిందే సరైనది, ఏమీ అనుకోకండి. ఏ యజమాని అయినా ఏడాదిలో ఎక్కువ రోజులు లంగరులోనో మెరీనాలోనో గడుపుతాడు. సముద్రం దాటే రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఆ కాసిని రోజుల కోసం మిగతా ఏడాదంతా రైలు పెట్టెలాంటి ఇరుకులో ఉండమంటారా?

రెండోది, మెరీనా అద్దె పొడవును బట్టి. 25 మీటర్ల బెర్త్ దొరకడమూ కష్టమే, దొరికితే ధర చూసి కళ్ళు తిరుగుతాయి.

మూడోది, పొట్టి బోట్లు సముద్రం దాటలేవని ఎవరన్నారు? నార్డ్‌హావ్న్ అనే యాట్ కంపెనీ వాళ్ళు 1980ల చివర నుంచి సరిగ్గా ఇవే కడుతున్నారు: వెడల్పు, ఎత్తు, బరువు. వాళ్ళ 40 అడుగుల బోటు 2001-02లో భూమి చుట్టి వచ్చింది. 2004లో ఆ తరహా బోట్లు పద్దెనిమిది కలిసి ఫోర్ట్ లాడర్‌డేల్ నుంచి బెర్ముడా, అజోర్స్ మీదుగా జిబ్రాల్టర్ చేరాయి. నడిపినవాళ్ళలో రిటైరైన దంపతులు చాలామంది.

ఇంకో మాట. మా వైపు నీళ్ళల్లో దుంగలు తేలుతుంటాయి. ఎత్తైన వీల్‌హౌస్ నుంచి కనిపించినట్టు కింద నుంచి కనిపించవు.

లెక్కలపిచ్చి

వేగం సంగతి ముందు తేల్చండి. నీటిలో మునిగే పొడవు అడుగుల్లో తీసుకుని, దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే డిస్‌ప్లేస్‌మెంట్ హల్ (నీటిపైకి లేవకుండా, నీటిని తోసుకుంటూ పోయే బోటు ఒడలు) గరిష్ఠ వేగం వస్తుంది. సముద్రం దాటేవాళ్ళు అంత తోలరు, 1.1 దగ్గర ఆగుతారు. పొట్టిదానికి నీటిగీత పొడవు 64 అడుగులు అనుకుంటే 8.8 నాట్లు (గంటకు అన్ని నాటికల్ మైళ్ళు). పొడుగుదానికి 81 అడుగులు అనుకుంటే 9.9.

కానరీ దీవుల నుంచి సెయింట్ లూసియా సుమారు 2,700 మైళ్ళు. ఒకదానికి 12.8 రోజులు, ఇంకోదానికి 11.4. ఒక రోజున్నర తేడా.

పొట్టిదాన్నే గట్టిగా తోలితే సరిపోదా అంటారేమో. శక్తి దాదాపు వేగం ఘనంతో పెరుగుతుంది. 8 నుంచి 10 నాట్లకు వెళ్తే గంటకు పట్టే డీజిల్ రెట్టింపు దగ్గర, మైలుకు ఒకటిన్నర రెట్లు. 3,000 మైళ్ళ రేంజ్ 1,900కి పడిపోతుంది. గరిష్ఠ వేగం దగ్గరపడేకొద్దీ ఇంకా ఘోరం.

సియాటిల్_రావు

రోజున్నర ముందు చేరి ఏం చేస్తారండీ? రిటైరైనవాళ్ళకి తొందరేముంది?

గాజువాక_చీఫ్

తొందర కాదు సార్, వాతావరణం. మంచి వెదర్ విండో పది రోజులుంటే పదకొండో రోజు ఎక్కడున్నామన్నదే సమస్య.

నేను కార్గో షిప్పుల నుంచి యాట్‌ల ఇంజిన్ రూములకి మారినవాణ్ణి. నైరుతి రోజుల్లో విశాఖ నుంచి పోర్ట్ బ్లెయిర్ (ఇప్పుడు శ్రీ విజయపురం) వెళ్ళి చూడండి. 650 మైళ్ళు, ఆగ్నేయం దిక్కు. నైరుతి అల సరిగ్గా పక్క నుంచి తగుల్తుంది. ప్యాసింజర్ షిప్‌లో పై డెక్ క్యాబిన్ డబ్బు పోసి కొన్నవాళ్ళు బక్కెట్ పట్టుకుని కూచుంటే, కింద బంక్ క్లాస్‌లో మన శ్రీకాకుళం కూలీలు పేకాడుకుంటుంటారు. ఉక్కపోత ఉంటుంది, కాదనను. ఊపు మాత్రం తక్కువ.

సియాటిల్_రావు

దానికేగా స్టెబిలైజర్లున్నది? ఫిన్లు, అంటే హల్ పక్కల నీటిలో కదిలే రెక్కలు, పెడితే 8 డిగ్రీల ఊపు రెండుకి దిగుతుంది. లంగరులో గైరో, అంటే ఊపుని ఆపే బరువైన చక్రం, తిప్పుకోవచ్చు. 1963లో రాబర్ట్ బీబీ సముద్రం దాటడానికి పాసేజ్‌మేకర్ అనే మోటార్ బోటు కట్టించుకున్నప్పుడు గతిలేక పక్కలకి కర్రలు చాపి, నీళ్ళలోకి ఇనప రెక్కలు దించాడు. ఇప్పుడా అవస్థ లేదు.

గాజువాక_చీఫ్

ఆ కర్రల్ని తక్కువ చెయ్యకండి. ఎక్కువలో ఎక్కువ ఓ గొలుసు తెగుతుంది, కొత్తది కడతాం. ఫిన్‌కి హైడ్రాలిక్ పంపు, సీలు, సెన్సరు, కంట్రోల్ బాక్సు. అర్ధరాత్రి అందులో ఒకటి పోతే ఫిన్‌ని మధ్యలో లాక్ చేసి, మిగిలిన వెయ్యి మైళ్ళూ బోటు తన సొంత ఒంటితోనే పోవాలి. గైరోకి అసలు పూర్తి వేగం అందుకోవడానికే అరగంట పైన, దానికి జనరేటర్ ఆగకూడదు. ఫిన్లు వద్దనట్లేదు, రెండింటికీ పెట్టండి. అవి ఆగిన రోజు ఏ బోటులో మనిషి అన్నం తినగలడు అని అడుగుతున్నాను.

నీటిగీత

చీఫ్ గారు సరైన చోట పట్టుకున్నారు. ఆయన ప్రశ్నకి అంకెల్లో జవాబు చెప్తాను.

ఒక బోటు అటూ ఇటూ ఊగి రావడానికి పట్టే సమయం సెకన్లలో సుమారు 0.8 × వెడల్పు ÷ √జీఎం, కొలతలు మీటర్లలో. జీఎం అంటే మెటాసెంట్రిక్ ఎత్తు, పక్కకు వంగిన బోటు ఎంత బలంగా లేచి నిలబడుతుందో చెప్పే కొలత. వెడల్పాటి బోటుకి జీఎం 1 మీటరు అనుకుంటే 5.1 సెకన్లు. సన్నదానికి 0.6 అనుకుంటే 5.6. చూశారా, తేడా గొప్పగా ఏం లేదు.

అసలు తేడా మనిషి ఎక్కడ కూర్చున్నాడన్న దాంట్లో ఉంది. రెండూ 8 డిగ్రీలు ఊగుతున్నాయనుకోండి. పొట్టిదానిలో వీల్‌హౌస్ ఊగే ఇరుసుకి 5.5 మీటర్ల పైన. అక్కడ మనిషిని పక్కకి విసిరే త్వరణం 1.17 మీ/సె², అంటే గురుత్వంలో 12 శాతం. పొడుగుదానిలో కూర్చునే చోటు 2 మీటర్ల పైన. అక్కడ 0.35. మూడో వంతు కూడా కాదు. బోటు వంగినందువల్ల పక్కకి జారే బరువు రెండింటిలోనూ ఒకటే, దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

పొడవు దిక్కున కూడా ఇదే కథ. ముందు భాగం లేచి పడుతుంటుంది, నడుముకి కాస్త వెనక అతి తక్కువ కదలిక. మనిషికి కడుపులో తిప్పేది ముఖ్యంగా ఈ పైకీ కిందకీ కదలికే, అదీ ఐదారు సెకన్లకోసారి వస్తే మరీనూ. బ్రోచర్లలో యజమాని గదిని అందంగా ముక్కు భాగంలో పెడతారు. దారిలో ఆ గదిలో ఎవరూ పడుకోరు, సోఫా మీదకి వచ్చేస్తారు.

లెక్కలపిచ్చి

ఒక్క నిమిషం. మీ పొడుగుదానిలో బరువంతా కిందే ఉందిగా? గురుత్వ కేంద్రం దిగితే జీఎం పెరుగుతుంది, అప్పుడు ఊపు మెల్లగా రాదు, విదిలించి కొడుతుంది. 0.6 ఎక్కడి నుంచి తెచ్చారు?

నీటిగీత

వెడల్పు తగ్గించి తెచ్చాను. ఈ చర్చలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే, కాస్త వివరంగా రాస్తా.

నిలబడే బలం రెండు చోట్ల నుంచి వస్తుంది: వెడల్పు నుంచి, కింద ఉన్న బరువు నుంచి. మూడంతస్తులు కడితే బరువు పైకి పోతుంది, దాన్ని ఆపడానికి వెడల్పు పెంచక తప్పదు. వెడల్పు వల్ల వచ్చే బలానికో గుణం ఉంది. అది నీటి ఉపరితలాన్ని చూసి నిలబడుతుంది. అల ఏటవాలుగా ఉంటే బోటూ ఆ వాలుకి సమంగా వంగుతుంది, అల దాటాక మళ్ళీ ఇటు వంగుతుంది. పక్కనుంచి కెరటం వచ్చినప్పుడు టీ కప్పులు దొర్లేది ఇందుకే. పైగా వంపు ఒక హద్దు దాటితే ఆ బలం చప్పున పడిపోతుంది.

బరువు కింద ఉండి, వెడల్పు తక్కువైన హల్ అల వాలుని అంతగా పట్టించుకోదు. జీఎం రెండింటికీ ఒకే అంకె ఉన్నా నడక వేరు. ఎంత వంగినా తిరిగి లేచే కోణం కూడా ఎక్కువ. యాట్ డిజైనర్ స్టీవ్ డాషూ 2005లో విండ్ హార్స్ అనే 83 అడుగుల అల్యూమినియం బోటు ఇలాగే చేశాడు, వెడల్పు 18 అడుగుల దరిదాపే. తర్వాత న్యూజిలాండ్‌లో వాంగరే ఊళ్ళో ఎఫ్‌పీబీ 64 అనే బోట్లు వరసగా కట్టించాడు. వాటిలో తలకిందులైనా తిరిగి నిలబడటం డిజైన్ లక్ష్యాల్లో ఒకటి. చూడ్డానికి యుద్ధనౌక పిల్లలా ఉంటాయి, రంగు కూడా వెయ్యరు. మా క్లయింటు గారి భార్య ఫోటో చూసి మొహం ముడుచుకున్నారు, అది వేరే సమస్య.

ఉప్పాడ_కుర్రోడు

ఇంజన్లు ఒకటా రెండా చెప్పలేదు ఎవ్వరూ. మా వైపు రాత్రిపూట వల వేసి చిన్న దీపం ఒకటి ఒదిలేత్తారు, అది కూడా ఆరిపోతది. రెండు ఫ్యానులు బయటికి ఏలాడతా ఉంటే రెండూ సుట్టేసుకుంటయ్. కీల్, అదే బోటు అడుగు దూలం, దాని ఎనక దాగున్న ఒక్క ఫ్యానే మంచిది అన్నా.

గాజువాక_చీఫ్

తమ్ముడు చెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజం. ఒక పెద్ద నిదానపు ఇంజిన్, కీల్ వెనక పెద్ద ప్రొపెల్లర్, పక్కన ఇంటికి చేర్చే చిన్న ఇంజిన్, దానికి సొంత షాఫ్టు. కీల్ కూలింగ్ పెడితే ఇంజిన్‌లోకి ఉప్పునీరే రాదు, స్ట్రెయినర్‌లో జెల్లీఫిష్‌లు ఏరే పని తప్పుతుంది. నేను ఒంటి ఇంజిన్ మనిషిని.

నీటిగీత

మనసు నాదీ అటే, కానీ రూల్స్ అడ్డొస్తున్నాయి. లోడ్‌లైన్ పొడవు 24 మీటర్లు చేరితే 2021 నుంచి కొత్త యాట్‌లకి కూడా ఉత్తర అమెరికా తీరం లాంటి నియంత్రిత ప్రాంతాల్లో టైర్ 3 నాక్స్ (ఇంజిన్ పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్ల) పరిమితి ఉంది. యూరియా చల్లే ఎగ్జాస్ట్ పెట్టె ఒక గది తినేస్తుంది. ఆ రూలు 130 కిలోవాట్లు దాటిన ఇంజిన్లకి. రెండు 120లు పెడితే గొడవ లేదు. ఒకటే 200 పెడితే ఉంది.

లెక్కలపిచ్చి

లోడ్‌లైన్ పొడవు అంటే మొత్తం పొడవు కాదుగా. డెప్త్‌లో, అంటే హల్ అడుగు నుంచి డెక్ దాకా ఎత్తులో, 85 శాతం దగ్గర నీటిగీత గీసి, దాని పొడవులో 96 శాతం తీసుకుంటారు. 25.5 మీటర్ల బోటుని 24కి లోపలే ఉంచొచ్చు. వెనక స్విమ్ ప్లాట్‌ఫాం ఎక్కడ మొదలవుతుందో కాస్త జరిపితే చాలు.

నీటిగీత

జరపొచ్చు. రేపు అదే గీస్తాను. 24 లోపల ఇమిడితే ఒంటి ఇంజిన్, ఇమడకపోతే రెండు 120లు, ఒక్కోదానికీ స్కెగ్ (ప్రొపెల్లర్ ముందు కాపు రెక్క) కట్టి వల తగలకుండా.

సియాటిల్_రావు

అంతా బాగుంది. నా మెరీనా అద్దె ప్రశ్నకి, చూపు ప్రశ్నకి ఎవరూ జవాబివ్వలేదు.

నీటిగీత

అద్దెకి నా దగ్గర మందు లేదు, ఎక్కువే కట్టాలి. లంగరులో ఉండేవాళ్ళకి ఆ బాధ తక్కువ, ఎత్తు తక్కువ బోటుని గాలి కూడా అంతగా అటూ ఇటూ ఈడవదు. చూపుకి మాత్రం మీరన్నది నిజం. డాషూ కూడా పైకప్పు మీద రెండో స్టీరింగ్ పెట్టాడు. దుంగలున్న చోట, రేవులోకి వచ్చేటప్పుడు పైకెక్కుతారు, సముద్రంలో కిందే ఉంటారు. తేలికపాటి కప్పు, రెండు కుర్చీలు, అంతే. అక్కడ జకూజీ అడిగితే మాత్రం నేను సంతకం పెట్టను. ఒక టన్ను నీళ్ళు, అదీ కదిలే నీళ్ళు, అంత ఎత్తున!

సియాటిల్_రావు

జకూజీ నేనడగలేదు బాబూ. కానీ మూడు వారాలు వరసగా ఒకే చిన్న అఖాతంలో లంగరేసుకుని కూర్చునే మనిషికి నేను ఇప్పటికీ పొట్టిదే రాస్తాను. మీ క్లయింటు ఏటా ఎన్ని సముద్రాలు దాటతారో ముందు అడిగారా?

నీటిగీత

అడిగాను. మొదటి ఏడాది అట్లాంటిక్, రెండో ఏడాది పనామా మీదుగా పసిఫిక్‌లోని మార్కెసాస్ దీవులు అంటున్నారు. తర్వాత తెలియదట.

గాజువాక_చీఫ్

అయితే పొడుగుదే. ఒక్క షరతు. ఫిన్ యాక్చుయేటర్ (ఫిన్‌ని తిప్పే యంత్రం) యజమాని మంచం కింద పెట్టకండి. మీ డిజైనర్లందరూ అక్కడే పెడతారు. ఈసారి కారిడార్‌లో మూత పెట్టండి, మనిషి మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులూ పెట్టగలిగేంత.