జంప్ ఇస్తే స్టార్టవుతోంది, రెండ్రోజులు ఆపితే మళ్లీ డెడ్. బ్యాటరీ మార్చాల్సిందేనా?

కొత్తడ్రైవరు:
నాలుగేళ్ల పెట్రోల్ కారు, 45 ఏహెచ్ (ఆంపియర్-అవర్, అంటే కెపాసిటీ) బ్యాటరీ. కీ తిప్పితే టకటకమంటుంది, డాష్‌బోర్డు లైట్లు మసకబారతాయి, ఇంజిన్ మాత్రం తిరగదు. జంప్ ఇస్తే, అంటే వేరే బండి బ్యాటరీకి కేబుళ్లు కలిపితే, వెంటనే అందుకుంటుంది. రెండ్రోజులు కదపకపోతే మళ్లీ అదే తంతు. రోడ్‌సైడ్ అసిస్టెన్స్ మెకానిక్ మీటర్ కూడా పెట్టకుండా "బ్యాటరీ పోయింది, మార్చేయండి" అన్నారు. నా దగ్గర మల్టీమీటర్ ఉంది. ఏమేం చూడాలి? మార్చాల్సి వస్తే నేనే మార్చుకోవచ్చా?

ఓల్ట్‌మీటర్:
టకటక చప్పుడొస్తోందంటే సోలినాయిడ్ (స్టార్టర్ మోటారుకు కరెంటు కలిపే స్విచ్) అందుకుంటోంది కానీ, పట్టి ఉంచేంత కరెంటు రావడం లేదన్నమాట. చార్జ్ లేదన్నది సరే. కానీ చార్జ్ దిగిపోవడం వేరు, బ్యాటరీ పాడవడం వేరండి.

ముందు టెర్మినళ్లు చూడండి. క్లాంపు చేత్తో తిప్పితే కదలకూడదు. తెల్లగానో పచ్చగానో పొడి పేరుకుంటే వంటసోడా కలిపిన నీళ్లతో కడిగి బ్రష్ చేయండి. లూజు క్లాంపు వల్లే మంచి బ్యాటరీలు చాలా మారిపోతుంటాయి.

తర్వాత బ్యాటరీని చార్జర్‌తో నిండా ఎక్కించి, కొన్ని గంటలు ఊరికే ఉంచి కొలవండి. 12.6 వోల్టులుంటే నిండినట్టు, 12.2 అంటే సగం, 12 కంటే తక్కువైతే దాదాపు ఖాళీ. నిండా ఎక్కించినా 12.4 దాటకపోతే, లేదా సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే కిందికి పడిపోతే బ్యాటరీ పని అయిపోయినట్టే. ఇంజిన్ నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. హెడ్‌లైట్లు వేసి చూడండి, ఎందుకంటే కొత్త కార్లలో ఈసీయూ (ఇంజిన్‌ను నియంత్రించే కంప్యూటర్) ఆల్టర్నేటర్ (ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీని చార్జ్ చేసేది) వోల్టేజీని కావాలనే తగ్గిస్తుంటుంది.

బంపర్‌టుబంపర్:
ఇంత అవసరమా? ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ నెగటివ్ కేబుల్ పీకండి. బండి ఆగిపోతే ఆల్టర్నేటర్ పోయినట్టు, ఆగకపోతే బ్యాటరీ పోయినట్టు. తేలిపోతుంది.

ఓల్ట్‌మీటర్:
దయచేసి ఆ పని చేయకండి. అది పాత కార్బురేటర్ బళ్ల నాటి చిట్కా. బ్యాటరీ తప్పించగానే ఆల్టర్నేటర్ వోల్టేజీ ఒక్కసారిగా ఎగుస్తుంది, ఈసీయూ కాలిపోవచ్చు.

పదినంబర్‌స్పానర్:
రెండ్రోజులకే దిగిపోతోందంటే లీకేజీ కరెంటు (బండి ఆపి ఉన్నప్పుడూ లాగే కరెంటు) కూడా చూడాల్సిందే, లేదంటే కొత్త బ్యాటరీకీ ఇదే గతి. నెగటివ్ కేబుల్ విప్పి, కేబుల్‌కీ బ్యాటరీ పోస్టుకీ మధ్య మీటర్‌ని 10 ఆంపియర్ల సాకెట్‌లో పెట్టండి. ఆ స్థితిలో సెల్ఫ్ కొట్టారో, మీటర్ ఫ్యూజు ఎగిరిపోతుంది. కారు లాక్ చేసి అరగంట పైగా ఆగండి, మాడ్యూళ్లు (కారులోని చిన్న కంప్యూటర్లు) నిద్రపోవాలి. 50 మిల్లీఆంపియర్ల లోపుంటే ఫర్వాలేదు. 300 ఉందనుకోండి, రోజుకు 7.2 ఏహెచ్ పోతుంది. రెండ్రోజుల్లో 14 పైనే. నాలుగేళ్ల బ్యాటరీలో అసలు మిగిలిన కెపాసిటీయే తక్కువ కాబట్టి అదే చాలు.

బయట వేయించిన డాష్‌క్యామ్, ట్రాకర్, స్టీరియో, డిక్కీ లైటు, వీటినే ముందు అనుమానించండి. ఫ్యూజులు పీకుతూ పోతే మాడ్యూళ్లు మేల్కొంటాయి. పీకకుండానే ఒక్కో ఫ్యూజు రెండు కొనల మీదా మిల్లీవోల్టులు కొలవండి, రీడింగు కనిపించిన చోట కరెంటు పారుతున్నట్టు.

మార్చడం మీరే చేసుకోవచ్చు. చాలా బళ్లకు పది నంబర్ స్పానర్ చాలు. ముందు నెగటివ్ విప్పండి. ముందే పాజిటివ్ విప్పబోతే స్పానర్ బాడీకి తగిలిందంటే షార్టే. బిగించేటప్పుడు పాజిటివ్ ముందు, నెగటివ్ చివర. బ్యాటరీని కదలకుండా పట్టి ఉంచే కింది పట్టీ వదిలేయకండి, అది లేకపోతే వైబ్రేషన్‌కు ప్లేట్లు దెబ్బతింటాయి. కొనేముందు ఏహెచ్, సీసీఏ (చలిలో స్టార్ట్ చేసేందుకు ఇవ్వగల కరెంటు), పొడవు వెడల్పు ఎత్తులతోపాటు పాజిటివ్ ఏ వైపుందో కూడా సరిపోల్చుకోండి. వైపు మారితే కేబుల్ అందదు. తయారీ తేదీ చూడండి, నెలల తరబడి అరలో పడున్నది వద్దు.

కొత్తడ్రైవరు:
నాది స్టార్ట్-స్టాప్ (సిగ్నల్ దగ్గర ఇంజిన్ తానే ఆగి మళ్లీ స్టార్టయ్యేది) ఉన్న బండి. మామూలు బ్యాటరీ వేస్తే?

పదినంబర్‌స్పానర్:
తొందరగా పోతుంది. స్టార్ట్-స్టాప్ బళ్లకు ఏజీఎం, ఈఎఫ్‌బీ అని గట్టి రకం బ్యాటరీలుంటాయి. ఏజీఎం ఉన్న చోట ఏజీఎం, ఈఎఫ్‌బీ ఉన్న చోట ఈఎఫ్‌బీ లేదా ఏజీఎం. నెగటివ్ పోస్టు మీద సెన్సార్ ఉన్న కొన్ని కార్లలో కొత్త బ్యాటరీని స్కానర్‌తో రిజిస్టర్ చేయాలి, లేదంటే చార్జింగ్ పాత బ్యాటరీ లెక్కనే సాగుతుంది.

టోయింగ్‌హుక్:
ఈలోగా మళ్లీ ఆగిపోయి కాల్ చేయాల్సి వస్తే, బ్యాటరీ ఏహెచ్, స్టార్ట్-స్టాప్ సంగతి, గేరు మాన్యువలా ఆటోమేటిక్కా అన్నది ముందే చెప్పండి. సెల్లార్‌లో ఉంటే పైకప్పు ఎత్తు కూడా, టోయింగ్ లారీ లోపలికి పట్టకపోవచ్చు. ఎలక్ట్రిక్ హ్యాండ్‌బ్రేక్ అయితే కరెంటు లేనిదే వదలదు, అదీ చెప్పాలి. మెకానిక్ వచ్చాక బ్యాటరీ టెస్టర్ ప్రింటవుట్ అడగండి.

జంప్ మీరే పెట్టుకుంటే క్రమం ఇది: డెడ్ బ్యాటరీ పాజిటివ్, మంచి బ్యాటరీ పాజిటివ్, మంచి బ్యాటరీ నెగటివ్, ఆఖరి క్లిప్ డెడ్ కారు ఇంజిన్ మీది ఇనుముకు. బ్యాటరీ పోస్టుకు పెడితే అక్కడ లేచే హైడ్రోజన్‌కు నిప్పురవ్వ అంటుకోవచ్చు. తీసేటప్పుడు ఇదే వెనక నుంచి. బ్యాటరీ ఉబ్బినా, కారుతున్నా జంప్ పెట్టకండి.