ఇంటి బేకింగుకు స్టాండ్ మిక్సర్ కొనడం అవసరమా?

ప్రశ్న: బరంపురం కోడలు

అందరికీ నమస్కారం. మేము ఉండేది గంజాం జిల్లా బరంపురంలో. తెలిసినవారి పుట్టినరోజులకు, పెళ్ళిరోజులకు ఇంట్లోనే కేకులు చేసి ఇస్తుంటాను. ఎక్కువమంది అడిగేది గుడ్డు లేని కేకు, ఆ తరువాత క్రీము కేకు. డిసెంబరు వచ్చిందంటే ఎండుపళ్ళ కేకులకు కూడా గిరాకీ ఉంటుంది. ఈ మధ్య పాలబన్నులు, మిల్క్ బ్రెడ్డు కూడా చేయగలరా అని అడుగుతున్నారు. నా దగ్గర 25 లీటర్ల ఓటీజీ (కేకులు కాల్చే చిన్న కరెంటు ఓవెన్), చేత్తో గిలకొట్టే విస్కు, మిక్సీ, ఇడ్లీ పిండి రుబ్బే టేబుల్‌టాప్ గ్రైండరు ఉన్నాయి.

బజారులో ఐదు లీటర్ల గిన్నె, వెయ్యి వాట్లకు పైబడిన మోటారు ఉన్న స్టాండ్ మిక్సర్ (పీటకు బిగించిన గిన్నెలో పిండిని తానే కలిపే యంత్రం) పన్నెండు వేల రూపాయల దగ్గర దొరుకుతోంది. అమెరికాలో ఉన్న మా ఆడపడుచు ఈసారి వచ్చేటప్పుడు అక్కడి కిచెన్‌ఎయిడ్ కంపెనీ స్టాండ్ మిక్సర్ ఒకటి తెచ్చిపెడతానంటున్నారు. మా అత్తగారేమో, ఇంత పెద్ద యంత్రాన్ని వంటగట్టు మీద పెడితే మనం కూరలు ఎక్కడ తరుక్కోవాలి అంటున్నారు. అది కొట్టిపారేయదగిన ప్రశ్న కాదు. ఇది నిజంగా కొనదగిన వస్తువేనా, కొంటే ఈ రెండింటిలో ఏది నయమో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు: కొరాపుట్ కొండగాలి

అమ్మా, మీరు చేసే వాటిలో సగానికి పైగా ఈ యంత్రంతో పని లేనివే. గుడ్డు లేని కేకు పొంగడానికి కారణం పెరుగో వెనిగరో సోడాతో కలిసినప్పుడు పుట్టే వాయువు. మైదాలో తడి తగిలాక ఎంత తిప్పితే గ్లూటెన్ (పిండికి సాగే గుణం ఇచ్చే జిగురు) అంత బిగిసి, కేకు రబ్బరులా సాగుతుంది. కాబట్టి ఆ పిండిని గరిటెతో, కాస్త బద్ధకంగా కలిపితేనే మంచిది. ఎండుపళ్ళ కేకులో కూడా వెన్న, చక్కెర గిలకొట్టేంతవరకే యంత్రం సాయం. నానబెట్టిన పళ్ళను చివర చేత్తోనే కలుపుకోవాలి.

యంత్రం అవసరం తెలిసేది గుడ్లు, చక్కెర కలిపి నురగ తెప్పించే స్పాంజి కేకుకు, క్రీముకు, వెన్నకు. ఈ మూడింటికీ రెండు పుల్లలు తిరిగే ఎలక్ట్రిక్ హ్యాండ్ బీటర్ సరిపోతుంది, దాని ఖరీదు స్టాండ్ మిక్సరులో నాలుగో వంతు కూడా ఉండదు. గుడ్ల నురగ తయారైందో లేదో తెలుసుకోవాలంటే బీటరును పైకెత్తి చూడండి. జారిపడిన ధార గిన్నెలో మిశ్రమం మీద రిబ్బనులా నిలిచి, కొన్ని క్షణాల తరువాతనే కలిసిపోతే చాలు. క్రీము విషయంలో అయితే మీ ఊరి వేడికి హ్యాండ్ బీటరే ఎక్కువ అనుకూలం, ఎందుకంటే గిన్నెను ఐసు ముక్కలున్న పెద్ద బేసిన్‌లో కూర్చోబెట్టి గిలకొట్టవచ్చు. స్టాండ్ మిక్సరు గిన్నె దాని పీటకు బిగుసుకొని ఉంటుంది కాబట్టి, దాన్ని ముందుగా ఫ్రిజ్‌లో పెట్టి చల్లబరచడం తప్ప వేరే దారి లేదు.

వెన్న దగ్గర మాత్రం మా ఊరికీ మీ ఊరికీ పోలిక కుదరదు. వెన్నలో గాలి బాగా పట్టాలంటే అది 18 నుంచి 20 డిగ్రీల దగ్గర ఉండాలి. సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తున ఉన్న కొరాపుట్‌లో చలికాలం వెన్నను కాస్త వెచ్చబెట్టుకోవాలి. మే నెల బరంపురంలో అది గట్టు మీద పెట్టిన కాసేపటికే నూనె కారుతుంది. ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన గట్టి వెన్నను నేరుగా గిలకొట్టగల బలం స్టాండ్ మిక్సరుకు ఉంది, హ్యాండ్ బీటరుకు అంతగా లేదు. ఇది దానికి దక్కాల్సిన మార్కు.

అసలు సంగతి మీ ఓటీజీ. పాతిక లీటర్ల దానిలో ఒక విడతకు పట్టేది ఒక పెద్ద కేకు, అది కాలడానికి ముప్పావుగంట. పది నిమిషాల్లో మూడు కేకుల పిండి కలిపేసే యంత్రం వచ్చినా, మిగిలిన రెండు గిన్నెలు వరుసలో నిలబడాల్సిందే. సోడా వేసిన పిండి అంతసేపు ఆగితే గాలి పోయి చదునుగా దిగుతుంది. చేతిలో డబ్బు ఉంటే ముందు పెద్ద ఓటీజీ కొనండి.

జవాబు: రాయగడ మోటారు మేస్త్రి

నేను మోటార్లు విప్పి బాగుచేసేవాణ్ణి, కేకుల సంగతి పెద్దగా తెలియదు. కాబట్టి యంత్రం గురించి మాత్రమే చెబుతాను.

పెట్టె మీద రాసే వాట్లు మోటారు ఎంత విద్యుత్తు లాగుతుందో చెబుతాయి, పిండికి ఎంత బలం అందుతుందో చెప్పవు. కిచెన్‌ఎయిడ్ తల వెనక్కి వంచే రకాల్లో పేరుపొందినది 300 వాట్ల ప్రాంతంలోనే ఉండి, గట్టి పిండిని నెమ్మదిగా తిప్పగలుగుతోంది. మోటారు వేగాన్ని బలంగా మార్చే లోహపు పళ్ళచక్రాలే అందుకు కారణం. చవక యంత్రాల్లో ఎక్కువ వేగంతో తిరిగే మోటారుకు నైలాన్ చక్రాలు, బెల్టులు తగిలించి, పెట్టె మీద వాట్లు పెద్దవిగా అచ్చు వేస్తారు. దుకాణంలో చూసేటప్పుడు యంత్రాన్ని ఎత్తి బరువు చూడండి. తల బిగించాక చేత్తో పైకి కదిపి చూడండి. అక్కడే గడగడలాడితే, బ్రెడ్డు పిండి పడ్డాక గట్టు మీద నడవడం మొదలుపెడుతుంది.

అమెరికాలో అమ్మేది 120 వోల్టులది. దాన్ని మన 230 వోల్టుల ప్లగ్గులో పెడితే మోటారు అక్కడికక్కడే కాలిపోతుంది. వోల్టేజీని తగ్గించి ఇచ్చే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్, కనీసం 500 వీఏ (వోల్ట్ ఆంపియర్) సామర్థ్యం ఉన్నది, పక్కన పెట్టుకోవాలి, దానికి కూడా గట్టు మీద చోటు కావాలి. కరెంటు ఫ్రీక్వెన్సీలో అక్కడి 60 హెర్ట్‌జ్‌కు, మన 50 హెర్ట్‌జ్‌కు తేడా వల్ల దీనిలో ఉండే కార్బన్ బ్రష్షుల మోటారుకు పెద్ద ఇబ్బంది లేదు. పది కిలోలు దాటే బరువుతో మీ ఆడపడుచుగారి సామానులో ఒక పెట్టె సగం నిండుతుంది, పైగా అక్కడి వారంటీ ఇక్కడ చెల్లదు. నన్నడిగితే ఆమె చేత కేకు టిన్నులో, మంచి వెనిల్లానో తెప్పించుకోండి.

ఇక్కడ కొన్నా సరే, ముందుగా సర్వీసు ఎక్కడ ఉందో కనుక్కోవాలి. మనలాంటి ఊళ్ళకు చాలా కంపెనీల సర్వీసు విశాఖపట్నంలోనో భువనేశ్వర్‌లోనో ఉంటుంది. సాయంత్రాలు వోల్టేజీ పడిపోయే వీధి అయితే పిండి పని పగలే ముగించుకోండి: వోల్టేజీ తగ్గితే మోటారు, దానితోపాటు దాన్ని చల్లబరిచే ఫ్యాను కూడా నెమ్మదిస్తాయి, వేడి లోపలే నిలుస్తుంది. వార్నిషు మాడిన వాసన వచ్చిందంటే వెంటనే ఆపేయాలి.

జవాబు: పర్లాకిమిడి పెద్దమ్మ

కేకుల విషయంలో పై ఇద్దరి మాటా సబబే. అయితే ఈ అమ్మాయి పాలబన్నులు, మిల్క్ బ్రెడ్డు అని కూడా రాసింది, దాని గురించి ఎవరూ సరిగా పట్టించుకోలేదు. పాలు, చక్కెర, వెన్న పడిన పిండి చేతికి జిగటగా అతుక్కుంటుంది, చపాతీ పిండిలా త్వరగా దారికి రాదు. చిన్న ముద్ద తీసి రెండు చేతులతో సాగదీస్తే, చిరగకుండా వెలుతురు కనిపించేంత పలుచని పొర రావాలి. చేత్తో అంతవరకు రావడానికి ఇరవై నిమిషాలు పిసకాలి; స్టాండ్ మిక్సరుకు తగిలించే పిండి కొక్కెం దాన్ని తక్కువ వేగంలో పది పన్నెండు నిమిషాల్లో తెస్తుంది, ఆ సమయంలో మీరు టిన్నులకు వెన్న రాసుకోవచ్చు. వేగం పెంచాలన్న ఆశ వద్దు. ఈస్టు పిండికి రెండో నంబరు దాటవద్దని కిచెన్‌ఎయిడ్ వారే చెబుతారు.

పిసకకుండా చేసే బ్రెడ్డు లేదా అంటే ఉంది. న్యూయార్కు బేకరు జిమ్ లాహే పద్ధతి 2006లో అక్కడి పత్రికలో వచ్చినప్పటి నుంచి ప్రపంచమంతా చేస్తోంది: నీళ్ళు ఎక్కువ పోసి, చిటికెడు ఈస్టు వేసి, రాత్రంతా వదిలేస్తే గ్లూటెన్ దానంతటదే అల్లుకుంటుంది. కానీ దానితో వచ్చేది పెళుసు పెంకు ఉన్న బ్రెడ్డు; మీ వాళ్ళు అడుగుతున్న దూదిలాంటి పాలబన్ను దానితో రాదు. టేబుల్‌టాప్ గ్రైండరుకు అమర్చే పిండి కలిపే పరికరం చపాతీలకు పనికొస్తుంది గానీ, ఈ జిగట పిండి దాని కాడకు పాకి అక్కడే కూర్చుంటుంది.

యంత్రం తిరిగేటప్పుడు పుట్టే రాపిడికి పిండి కూడా వేడెక్కుతుందని మరచిపోకండి. కలపడం అయ్యేసరికి పిండి 24 నుంచి 27 డిగ్రీల మధ్య ఉంటే మంచిది. మన వేసవిలో పాలు ఫ్రిజ్‌లోంచి తీసి అలాగే పోయాలి, వెన్న చివర వేయాలి.

మరో మాట. ఐదు లీటర్ల గిన్నెలో రెండు గుడ్ల తెల్లసొన వేస్తే విస్కు దాన్ని అందుకోదు, అడుగున గుంటలాగే మిగిలిపోతుంది. కొన్న రోజున గిన్నెలో పలుచని నాణెం వేసి, చదునైన బీటరును నెమ్మదిగా తిప్పండి. ప్రతి చుట్టుకూ నాణెం కొద్దిగా జరిగితే ఎత్తు సరిగా ఉన్నట్టు, అస్సలు కదలకపోతే బీటరు పైన ఉన్నట్టు. చాలా రకాల్లో మెడ దగ్గర ఒక మర ఉంటుంది, దానితో సరిచేయవచ్చు.

వారానికి రెండు మూడు సార్లు బన్నులు చేసే ఉద్దేశం ఉంటే కొనండి, పండగకో పబ్బానికో అయితే వద్దు. భుజం నొప్పి ఉన్నవారికి ఈ లెక్క వర్తించదు, వారు సంకోచం లేకుండా కొనవచ్చు.

ప్రశ్న అడిగినవారు: బరంపురం కోడలు

అందరికీ ధన్యవాదాలు. ఆడపడుచుకు ఈరోజే ఫోను చేసి యంత్రం వద్దని చెప్పాను, టిన్నుల జాబితా పంపుతున్నాను. ప్రస్తుతానికి హ్యాండ్ బీటరు కొని, మిగిలిన డబ్బు పెద్ద ఓటీజీకి దాస్తాను. బన్నులు కొన్నాళ్ళు చేత్తోనే చేసి, అడిగినవారు నిజంగా కొంటారో లేదో చూస్తాను. చివరిగా ఒక సందేహం: హ్యాండ్ బీటరుతో పాటు రెండు పిండి కొక్కేలు కూడా ఇస్తున్నారు, వాటితో మిల్క్ బ్రెడ్డు పిండి కలపవచ్చా?

జవాబు: రాయగడ మోటారు మేస్త్రి

వద్దమ్మా. ఆ కొక్కేలు పలుచని, మెత్తని పిండికి ఒకటి రెండు నిమిషాలు పనికొస్తాయి. పది నిమిషాలు ఏకధాటిగా తిప్పే ఓపిక ఆ చిన్న మోటారుకు ఉండదు. పాలు, మైదా, ఈస్టు ఒక ముద్దగా కలిసేదాకా దానితో తిప్పి ఆపేయండి, ఆ ముద్దను అరగంట మూతపెట్టి ఉంచితే మైదా తడి పీల్చుకొని కాస్త దారికొస్తుందని మా ఇంటావిడ చెబుతున్నది. అక్కడి నుంచి చేత్తో చేసుకోవడమే.