తెనాలి మెయిన్ రోడ్డు కొట్లకు మళ్లీ జనం రావాలంటే ఏం చెయ్యాలి?

మరచెంబు:

నమస్కారమండీ. తెనాలి మెయిన్ రోడ్డులో మాకు స్టీలు, ఇత్తడి సామాన్ల కొట్టుంది. మా తాత పెట్టాడు, నాన్న నడిపాడు, ఇప్పుడు గల్లాలో నేను కూర్చుంటున్నా. పెళ్లిళ్ల రోజులు పర్లేదు. సారె సామాను, కావిడి బిందెలు అంటూ ఎవరో ఒకరు వస్తారు. మిగతా రోజుల్లో పదింటికి షట్టరెత్తి రెండింటిదాకా ఈగలు తోలుకోవడమే.

మొన్న జరిగింది చెబుతా. ఒకావిడ నాలుగు గిన్నెల క్యారేజీ పట్టుకొచ్చింది. అట్టపెట్టె కూడా తియ్యలా. ఆన్‌లైన్‌లో తెప్పించిందంట. "దీనిమీద మా అల్లుడి పేరు చెక్కిపెట్టు బాబూ" అంది. మా దగ్గర కొన్న సామానుకు పేరు ఊరికే చెక్కుతాం, తాత రోజుల్నించీ అలవాటు. బయట కొన్నదానికి అక్షరానికింతని తీసుకోవచ్చు. నోరు రాలా. మిషను పెట్టి చెక్కుతూ చెక్కుతూ ఎంతకొచ్చిందమ్మా అనడిగా. ఫోను తీసి చూపించింది. నా రేటు మీద నలభై రూపాయలు ఎక్కువ! ఆ మాట చెబితే "అయ్యో, మీ దగ్గర ఇట్టాంటివి ఉంటయ్యని నాకేం తెలుసు" అంది. ఇరవై ఏళ్లుగా ఇదే రోడ్డు మీదుగా కూరగాయలకెళ్లే మనిషి.

అంటే గొడవ రేటు దగ్గర లేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి వంటపాత్రల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5కి దిగింది. ఆ సంగతి బోర్డు మీద రాయించి గుమ్మంలో పెట్టా. అడిగి పోయినోళ్లు ఎక్కువ, కొన్నోళ్లు తక్కువ.

పోయిన గురువారం పక్క కొట్లవాళ్లం ఏడెనిమిది మందిమి కూర్చున్నాం. మేం కలిసేది వినాయక చవితి చందాలకే, ఇంకోదానికి కలవడం ఇదే మొదలు. ఒకాయన రోడ్డు మొదట్లో ఆర్చి కట్టిద్దామన్నాడు. ఒకాయన సీరియల్ లైట్లన్నాడు. ఇంకొకాయన ముందు ఈ తోపుడుబండ్లు తీయించాలి, మన కొట్లు కనపడట్లా అన్నాడు. దానికి నేను కూడా తలూపా. మా గుమ్మానికి అడ్డంగా ఒక అరటిపళ్ల బండి, ఒక పిన్నీసుల బండి ఉంటయ్ మరి.

గుంటూరు ఇక్కడికి పాతిక కిలోమీటర్లు. విజయవాడ ఇంకాస్త దూరం. పెళ్లి బట్టలకని పోయినోళ్లు గిన్నెలు కూడా అక్కడే సర్దుకొస్తున్నారు. సాయంత్రం జిలేబీ కొట్ల దగ్గర చూడండి, జనం కిటకిట. ఆ జనం మా దాకా రారు. పాత బజారు ఎక్కడన్నా మళ్లీ లేచి నిలబడ్డ సంగతి మీకు తెలిస్తే చెప్పండి. ఏం చేశారు, ఎవరు చేశారు? ఆర్చి మాట మాత్రం ఎత్తొద్దు.

గల్లాపెట్టె:

షాపు ఫోన్ల కంపెనీకి అద్దెకిచ్చి ఇంట్లో కూర్చో బాబాయ్. నెల తిరిగేసరికి డబ్బులు.

పానగల్_పార్కు:

పైన ఆయన మాట పట్టించుకోకండి. నేను చెన్నై టి.నగర్‌లో ఉంటా. టి.నగరంటే త్యాగరాయ నగర్, పిట్టి త్యాగరాయ చెట్టి గారు మన తెలుగువారే. పక్కనున్న పార్కు పేరు కూడా పానగల్ రాజా గారిదే. అక్కడి పాండీ బజారు సంగతి చెబుతా, ఆ రోడ్డు మీద రోజూ నడుస్తా కాబట్టి.

ఒకప్పుడు అక్కడ నడవాలంటే కార్లకీ బండ్లకీ మధ్య పక్కకి తిరిగి దూరాలి. 2019 నవంబరులో దాన్ని నడిచేవాళ్ల రోడ్డుగా మార్చి తెరిచారు. కాలిబాట బాగా వెడల్పు చేసి, కూర్చోడానికి బల్లలేసి, కార్లకి చోటు తగ్గించారు. పూర్తిగా కట్టకముందే కొన్ని రోజులు అడ్డాలు పెట్టి ట్రయల్ వేసి చూశారు. అది నాకు నచ్చింది. సిమెంటు పోశాక తప్పు తెలిస్తే ఏం లాభం? కారు గుమ్మం ముందాగకపోతే కొనేవాడు రాడని కొట్లవాళ్లు భయపడ్డారు. ఇప్పుడు సాయంత్రం ఆరింటికి ఆ బల్లల మీద చోటు దొరకదు. ముసలాయన బల్ల మీద కూర్చుని ఉంటే ఇంటావిడ నాలుగు కొట్లు తిరిగొస్తుంది. మునుపైతే ఆయన "ఇక చాల్లే పద" అని మొదటి కొట్లోనే విసుక్కునేవాడు.

మీకు అంత డబ్బు పెట్టేవాళ్లు ఉండరు, తెలుసు. ఒక్క పని చెయ్యండి, పైసా ఖర్చు లేదు. రేపు పొద్దున పదిన్నరకి మీ కొట్టు ముందు ఎన్ని మోటారుసైకిళ్లు ఆగి ఉన్నాయో లెక్కపెట్టండి. ఏది ఎవరిదో కూడా రాసుకోండి.

చెంచుపేట_కోడలు:

అన్నా, నేను మీ ఊరి దాన్నే, బహుశా మీ కొట్లో కుక్కర్ గ్యాస్కెట్ కూడా కొనుంటా. నేనెందుకు విజయవాడ పోతానో చెప్పనా? అక్కడ బాత్రూం ఉంటది. అంతే. పిల్లని వెంటబెట్టుకుని మెయిన్ రోడ్డుకొస్తే గంటలో ఇంటికి పరిగెత్తాలి. ఇక పెళ్లి సామాను నిదానంగా ఎప్పుడు చూస్తా? మీరు మగాళ్లు, వెనక సందులోకి పోతారు. మేం ఎక్కడికి పోవాలి?

ఇంకో మాట, కోప్పడొద్దు. మీ కొట్లో ఏ గిన్నె మీదా రేటుండదు. అడిగితే తూకం వేసి లెక్కకట్టి చెబుతారు. కిలో ఎంత, మజూరీ ఎంత అని మాకు తెలియదు. నాలుగు అడిగి ఏదీ కొనకపోతే మీ గుమస్తా మొహం మాడ్చుకుంటాడు. అందుకే లోపలికి రావాలంటే జంకు. ఫోన్లో అయితే వంద చూసి ఒక్కటి కూడా కొనకపోయినా ఎవరూ ఏమీ అనరు. ఆ క్యారేజీ ఆవిడకి తెలియక కాదు, మొహమాటం.

ఒహాయోగట్టు:

మాది కొల్లిపర వైపు. ప్రస్తుతం అమెరికాలో ఇండియానా రాష్ట్రం, కొలంబస్‌లో ఉద్యోగం. ఇక్కడికి దగ్గర్లో మాడిసన్ అని ఒహాయో నది ఒడ్డున చిన్న ఊరుంది. కృష్ణ ఒడ్డున పెరిగినవాణ్ణి గదా, నీళ్లు చూడాలనిపిస్తే అక్కడికే పోతుంటా. మీ ప్రశ్నకు ఆ ఊరు పనికొస్తుంది.

ఇక్కడ ఊరవతల పెద్ద పెద్ద మాల్స్ వచ్చి ఊరి నడిబొడ్డు కొట్లన్నీ మూతబడుతున్న రోజుల్లో, పాత కట్టడాల్ని కాపాడే జాతీయ ట్రస్టు ఒకటి 1977లో మూడు ఊళ్లు తీసుకుంది. ఇల్లినాయ్‌లో గేల్స్‌బర్గ్, సౌత్ డకోటాలో హాట్ స్ప్రింగ్స్, మూడోది ఈ మాడిసన్. వాళ్లు చేసినదాంట్లో అసలు కిటుకు ఏంటంటే, ప్రతి ఊరికీ జీతం ఇచ్చి ఒక మనిషిని పెట్టారు. అతనికి కొట్టు లేదు, వేరే వ్యాపారం లేదు. రోజంతా ఆ వీధే అతని పని. కొట్లవాళ్లని కూడగట్టడం, ఖాళీ గది ఉంటే దానికి తగ్గ వ్యాపారం వెతకడం, పండగకో సంత పెట్టడం, పాత గోడల్ని బాగుచేయించడం. అది ఫలించాకే 1980లో దేశమంతటికీ ఒక కేంద్రం పెట్టారు. మెయిన్ స్ట్రీట్ అనే పేరుతో ఇప్పటికీ నడుస్తోంది.

మీ ఏడెనిమిది మంది గురువారం కూర్చున్నారు, బానే ఉంది. వచ్చే గురువారం పెళ్లి ఒకరికి, తిరుపతి ఒకరికి. ఆపైన ఎవరూ రారు. మీరంతా కలిసి నెలకి ఇంతని వేసుకుని, డిగ్రీ అయి ఖాళీగా ఉన్న కుర్రాణ్ణో అమ్మాయినో పెట్టండి. పూట పని అయినా సరే.

రెండోది, పెట్టెలో పెట్టి పంపలేని పని ఒకటి మీ వీధిలో జరగాలి. మీ చెక్కుడు మిషనే చూడండి, ఆవిణ్ణి మీ గుమ్మం ఎక్కించింది అదే. దాన్ని లోపల మూలనుంచి తీసి గుమ్మంలో పెట్టండి.

తోపుడుబండి:

మా అమ్మ పాతికేళ్లు పూలమ్మింది. ఏ ఊరో ఎందుకులెండి. "బండ్లు తీయించాలి" అని మీరు తలూపిన దగ్గరే నాకు కడుపు మండింది. అయినా మర్యాదగా రాస్తున్నా.

2014లో వీధి వ్యాపారుల చట్టం వచ్చింది. ముందు సర్వే చెయ్యాలి, సర్టిఫికెట్లు ఇవ్వాలి. అప్పటిదాకా ఎవర్నీ లేపకూడదు. లేపాల్సొచ్చినా ముప్పై రోజుల ముందు నోటీసివ్వాలి. ఎవరు ఎక్కడుండాలో చూసే టౌన్ వెండింగ్ కమిటీలో నూటికి నలభై మందికి తగ్గకుండా బండ్లవాళ్లే ఉండాలి, వాళ్లలో మూడోవంతు ఆడవాళ్లు. కాబట్టి మీరు కాగితం పెట్టగానే ఊడ్చేసే రోజులు పోయాయి.

చట్టం పక్కనపెట్టండి. అరటిపళ్లకి ఆగిన మనిషి మీ కొట్టు వైపు తల తిప్పుతుంది. బండి తీసేస్తే ఆ మనిషి స్కూటర్ ఆపదు. మా అమ్మకి చిల్లర కావాలంటే ఎదురుగా బట్టల కొట్టాయన ఇచ్చేవాడు. ఆయన భోజనానికి పోతే గుమ్మం అమ్మ చూసేది. కొట్లో కొత్త చీరలొచ్చాయని పూలు కొనేవాళ్లకి చెప్పింది కూడా అమ్మే. జీతంలేని సేల్స్‌గర్ల్ అన్నమాట.

వీధి వ్యాపారులకి కేంద్ర ప్రభుత్వం ఇప్పించే స్వనిధి అప్పు సంగతి మీ అరటిపళ్ల బండామెకి తెలుసో లేదో అడగండి. 2020లో మొదలైనప్పుడు తొలి విడత పదివేలు. ఇప్పుడు పదిహేను. సరిగ్గా కడితే ఇరవై అయిదు, ఆపైన యాభై. కాగితాలు నింపడానికి సాయం చెయ్యండి. బండి రెండడుగులు పక్కకి జరపమని అప్పుడు అడగండి, జరుపుద్ది.

మరచెంబు:

మూడు వారాలు పట్టింది, ఏమనుకోవద్దు. ఒక్కొక్కటే చెబుతా.

పానగల్ గారూ, లెక్కపెట్టా. మా కొట్టు నుంచి మూలన మందుల షాపు దాకా ఇరవై మూడు మోటారుసైకిళ్లు. వాటిలో పదిహేడు మా కొట్లవాళ్లవే. ఒకటి నాది, ఒకటి మా తమ్ముడిది, ఒకటి మా గుమస్తాది. సిగ్గేసింది. ఇప్పుడు కాలవగట్టు మీద పెట్టి నడిచొస్తున్నాం. పదకొండు మంది ఒప్పుకున్నారు. ఆర్చి ఆయన మాత్రం "నా కొట్టు, నా గుమ్మం" అంటున్నాడు.

తోపుడుబండి తమ్ముడూ, తప్పు నాదే. అరటిపళ్లామె పేరు మూడు వారాల కిందటిదాకా నాకు తెలీదు, రోజూ మొహాలు చూసుకుంటూనే. తొలి విడత అప్పు ఎప్పుడో తీర్చేసిందంట, రెండోదానికి పోలేదు. మా అమ్మాయి కాగితాలు నింపిపెట్టింది. బండి నేను అడక్కముందే జరిపింది.

ఒహాయోగట్టు గారూ, జీతానికి మనిషిని పెట్టడం దాకా ఇంకా రాలా. డబ్బు అనగానే నలుగురు లేచిపోయారు. కానీ మీ రెండో మాట పట్టుకున్నా. ఇప్పుడు ఇత్తడి మళ్లీ అడుగుతున్నారు. ఇత్తడి పనికి పేరుపడ్డ అజ్జరం ఊరి సరుకు తెప్పిస్తున్నా కూడా. కొనేవాళ్లకి ఒకటే బెంగ, కళాయి ఎవరు పెడతారని. పాత మేస్త్రీ ఒకాయన్ని వెతికి మొన్న ఆదివారం కొట్టు ముందు కొలిమి పెట్టించా. బొగ్గుల మీద గుండిగ కాగాక నవాసాగరం జల్లి, తగరం ముక్క రాసి దూదితో ఒక్క తిప్పు తిప్పుతాడు. నల్లగా ఉన్న లోపలి భాగం వెండిలా మెరుస్తది. ఆ పొగ వాసనకి అటకల మీది గిన్నెలన్నీ దిగొచ్చినయ్. పద్దెనిమిది వచ్చినయ్యండీ! నేనమ్మింది ఆ రోజు రెండు మూతలు, ఒక అట్లకాడ. పిన్నీసుల బండాయన నాకంటే ఎక్కువ అమ్మాడు. ఒకావిడ "మీ కొట్టు ఇంత లోపలికుంటదా" అని చివరిదాకా నడిచి చూసింది.

చెల్లెమ్మా, రేటు చీటీలు అంటిస్తున్నా. సగం అయినయ్. గుమస్తాకి కూడా చెప్పా, నవ్వడం నేర్చుకుంటున్నాడు, చూస్తే కాస్త భయమేస్తది. బాత్రూం సంగతి. మా మేడమీద గోడౌను పక్కన ఒకటుంది. సున్నం వేయించి, లోపల గడియ, బకెట్టు, బల్బు పెట్టించా. రోజూ కడగడానికి ఒకామె ఒప్పుకుంది, జీతం అయిదు కొట్లవాళ్లం పంచుకుంటున్నాం. ఇక్కడే చిక్కొచ్చింది. తాళం నా గల్లా దగ్గర పెడితే ఆడవాళ్లు వచ్చి నన్నడగాలి. అడగరు. తాళం లేకుండా వదిలేస్తే సాయంత్రానికి లోపల ఎవరెవరో దూరతారు. అరటిపళ్లామె దగ్గర ఉంచుదామా అనుకుంటున్నా, ఎటూ పొద్దుట్నించి రాత్రిదాకా అక్కడే ఉంటది. మీరైతే ఆమెని అడుగుతారా?

చెంచుపేట_కోడలు:

అడుగుతా. ఆమెకి నెలకి ఏమన్నా ఇవ్వండి మరి, ఊరికే కాదు.