ఓఎస్ మార్చినం సరే, పద్దెనిమిదేండ్ల చేతి అలవాటును మార్చుకో అనడం న్యాయమేనా?

అశోక్‌నగర్ డీటీపీ:
అన్నలూ అక్కలూ, జర మీరే తేల్చండి. మాది అశోక్‌నగర్‌ల జిరాక్స్, డీటీపీ షాపు, చిక్కడపల్లి లైబ్రరీల చదువుకునే పిల్లలే మా గిరాకీ, గ్రూప్స్ నోట్సులు తెలుగుల కొట్టించుకుంటరు. మూడు సిస్టములున్నయి, మూడూ 2016ల కొన్నవి, ఇంటెల్ ఆరో జనరేషన్ ప్రాసెసర్లు. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తోటి సపోర్ట్ బందైంది, 11 కావాలంటే ఇంటెల్‌ల ఎనిమిదో జనరేషన్ నుంచి ఉండాలె, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ ఉండాలె. పొద్దుగాల నుంచి రాత్రి దాక ఎవరెవరి పెన్‌డ్రైవులో గుచ్చుతనే ఉంటం, అప్‌డేట్లు రాని సిస్టం మీద ఆ పని ఎట్ల చేస్తం? అందుకే రెండిట్ల విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఉచిత ఓఎస్ ఎక్కించిన. నాకు వారంల అలవాటైంది, సీ డ్రైవ్, డీ డ్రైవ్ ఏవీ అని రెండు రోజులు వెతికిన, అంతే. కానీ మా దగ్గర పద్దెనిమిదేండ్ల సంది టైప్ కొట్టే అక్క ఉంది. విండోస్‌ల నడిచే అను స్క్రిప్ట్ అనే తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్‌ల యాపిల్ అనే కీల అమరిక ఆమెకు అలవాటు, కీల దిక్కు చూడకుండ పేజీ లేపేస్తది. ఇప్పుడు మింట్‌ల ఇన్‌స్క్రిప్ట్ అనే వేరే అమరికల ఒక్కో అక్షరం వెతుక్కుంటుంది. మొన్న సాయంత్రం "ఇగ నేను పనికిరానట్టేనా తమ్మీ" అన్నది. ఆ రాత్రి నిద్ర పట్టలె. నేను చేసింది తప్పా?

సీటీసీ రిపేర్:
తప్పేం లేదు తమ్మీ. పార్క్‌లేన్‌ల రోజూ చూస్తున్న, మంచిగ నడిచే మిషన్లు తెచ్చి ఎంతొస్తే అంతకు అమ్ముకొని పోతున్నరు. ఎస్ఎస్‌డీ వేసి మింట్ ఎక్కిస్తే ఇంకా చాన ఏండ్లు నడుస్తయి, మింట్ 22కి 2029 దాక అప్‌డేట్లు ఉన్నయి. అక్కకు రెండు నెలలు టైమ్ ఇయ్యి, అదే వస్తది.

కొత్తపేట టైపిస్ట్:
రెండు నెలలు అని ఎంత ఈజీగా రాశారండీ. నేనూ పేజీ లెక్కన కొట్టే మనిషినే. రోజుకు ముప్పై పేజీలు కొట్టే చెయ్యి ఆరు పేజీలకు పడిపోతే ఆ నెల ఇంట్లో ఏం వండుకోవాలి? ఓఎస్ మారితే మీకు ఐకాన్లు మారతాయి, మాకు వేళ్లు మారాలి, ఇన్‌స్క్రిప్ట్‌లో అచ్చులూ గుణింతాలూ ఎడమ చేతికి, హల్లులు కుడి చేతికి, ఒత్తు కావాలంటే మధ్యలో పొల్లు కొట్టాలి, యాపిల్‌లో అలవాటైన చెయ్యి అది తెలిసినా ఆగదు, పాత చోటికే పోతుంది. ఆమెను ఒక్క మాట అడిగారా మార్చేముందు? సొంత వాడకానికైతే మైక్రోసాఫ్ట్ 2026 అక్టోబర్ 13 దాకా ఇంకో ఏడాది సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తానంది కదా, షాపుకి దారి ఏముందో కనుక్కుని ఆ టైమ్‌లో నేర్పించాల్సింది. నాకైతే మీరు చేసింది తొందరే అనిపిస్తోంది.

యూనికోడ్ మనిషి, కూకట్‌పల్లి:
మేడమ్ చెప్పింది జీతం వరకు నూటికి నూరుపాళ్లు కరెక్ట్. కానీ అసలు చిక్కు లినక్స్ కాదండి, అను ఫాంట్లు. అవి ఇంగ్లిష్ అక్షరాల గళ్లలో తెలుగు ముక్కలు కూర్చుకుని నడుస్తాయి, కాబట్టి ఆ ఫాంట్ లేని చోట పేస్ట్ చేస్తే పిచ్చి అక్షరాలు. నోట్సు కొనుక్కున్న పిల్లాడు ఫోన్లో "కాకతీయులు" అని వెతికితే దొరకదు, అదే ప్రతి అక్షరానికీ అన్ని చోట్లా ఒకే కోడ్ ఉండే యూనికోడ్‌లో కొట్టిన నోట్సయితే దొరుకుతుంది, గ్రూప్స్ చదివేవాడికి అదెంత పెద్ద విషయమో ఆలోచించండి. అది విండోస్‌లో ఉన్నా ఎప్పటికైనా మారాల్సిందే. ఇక అసలు మాట, అక్కకి ఇన్‌స్క్రిప్టే ఎందుకు పెట్టారు? లినక్స్‌లో భాషల టైపింగ్ చూసే ఐబస్‌లో ఎం17ఎన్ అనే కీబోర్డుల కట్ట వేసుకుంటే తెలుగుకి ఆర్టీఎస్, పోతన అనే అమరికలతో పాటు యాపిల్ కూడా ఉంది! ముందు అది పెట్టి ఆమెని ఒక గంట కూర్చోబెట్టండి, ఏ కీ తేడా కొడుతుందో ఆమే చెబుతుంది. పేజీలు కూర్చే పేజ్‌మేకర్ బదులు అదే పని చేసే స్క్రైబస్ చూడండి, 1.6 నుంచి తెలుగు ఒత్తులు సరిగ్గా పడుతున్నాయి, 1.4లో విరిగిపోయేవి. పాత పేజ్‌మేకర్ ఫైళ్లని లిబ్రేఆఫీస్ డ్రా తెరుస్తుంది గానీ పేజీ అచ్చం అలాగే వస్తుందని ఆశ పెట్టుకోకండి.

సీటీసీ రిపేర్:
యాపిల్ లేఅవుట్ అందుల ఉందని నాకు ఎరుకలే, మేడమ్ కోపం కూడా సబబే, రెండు నెలలన్న మాట వెనక్కి తీసుకుంటున్న. ఒకటి మాత్రం జెప్త, ప్రింటర్ ముందు చూసుకోవాలె. కొన్ని పాత లేజర్లకు లినక్స్‌ల డ్రైవర్ సతాయిస్తది, ఒక గిరాకీకి అంత ఎక్కించినంక ప్రింటర్ పని చెయ్యక రెండు రోజులు కూసున్న. ఇన్‌స్టాల్ చెయ్యకుండనే పెన్‌డ్రైవ్ నుంచి లైవ్‌ల లేపి ఒక పేజీ ప్రింట్ కొట్టి చూడాలె, అదైనంకనే హార్డ్‌డిస్క్ ముట్టాలె.

అశోక్‌నగర్ డీటీపీ:
అడగలేదు మేడమ్. నిజం. ఆదివారం షాపు బందున్నప్పుడు ఎక్కించిన, సోమవారం ఆమె వచ్చి కూసుంటే స్క్రీనే వేరేగ ఉంది. మీ మాట చదివినంక అదే తిరుగుతుంది మనసుల.

నిన్న మధ్యాహ్నం ఎం17ఎన్ యాపిల్ పెట్టి చూపించిన. మొదటి పేరా కొట్టింది, రెండు మూడు కాడ ఆగింది, ఆ కీలు కాయితం మీద రాసి మానిటర్‌కు అతికిచ్చుకుంది, మూడో పేరా వచ్చేసరికి మళ్ల కీబోర్డ్ దిక్కు చూస్తలేదు. పాత స్పీడ్ ఇంక రాలె, సగం దాక వచ్చింది. మూడో సిస్టంల విండోస్, అను అట్లనే ఉంచుతున్న, నెట్ వైరు పీకేసిన, పెన్‌డ్రైవులు ముందు మింట్‌ల చూసినంకనే దానికి పెడ్తం, పాత ఫైళ్ల దిద్దుబాట్లకు అదొక్కటే. ఈ రెండు నెలలు పేజీ లెక్క కాదు, పోయిన మూడు నెలల సగటు చూసి అంతే ఇస్త అని చెప్పిన. స్క్రైబస్ ఎప్పుడు మొదలుపెట్టాల్నో మాత్రం ఈసారి ఆమెనే చెప్పమన్న, "సంక్రాంతి అయినంక చూద్దాం తీ" అన్నది.